ముక్కూ మొహం తెలియని వారితో ఓర్పుగా మెలగడం ఎలా?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విచారణ కిటికీ పక్కన కాసేపు నిలబడితే విసుగు ఎక్కడ పుడుతుందో తెలిసిపోతుంది. పాతపట్నం బస్సు ఎక్కడ ఆగుతుందని ఒక ముసలావిడ అడుగుతుంది. ఆమె ఆ మాట అడగడం అదే మొదలు, లోపల కూర్చున్న ఉద్యోగి మాత్రం పొద్దుట్నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు. బోర్డు మీద రాసే ఉంది కదా అని ఆయన కసురుకుంటాడు, ఆమెకు చదువు రాదన్న సంగతి ఆయనకు తట్టదు. వెనక వరుసలో ఉన్నవారు కూడా తమ బస్సు వెళ్లిపోతుందేమోనన్న కంగారులో ఆమె మీదే నిట్టూరుస్తారు. వీరిలో చెడ్డవారెవరూ లేరు. తమకు తెలిసింది ఎదుటివారికీ తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు, అంతే. పరాయివారి మీద మనకు కలిగే విసుగులో ఎక్కువ భాగం అలా పుట్టినదే కాబట్టి, ఓర్పు అలవడాలంటే మనసును మెత్తబరచుకోవడం కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం నేర్చుకోవాలి: ఈ మనిషికి తెలియనిది ఏమిటి? ఆ ప్రశ్న వేసుకున్న తర్వాత చేయవలసిన పని చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది.

దారి చెప్పవలసి వచ్చినప్పుడు

పరాయివారు మనల్ని అన్నిటికంటే ఎక్కువగా అడిగేది దారే కాబట్టి, సాధన అక్కడ మొదలుపెట్టడం మంచిది. రైలులో శ్రీకాకుళం వచ్చే కొత్తవారికి తికమక స్టేషనులోనే ఎదురవుతుంది. టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది కానీ దిగేది ఆమదాలవలసలో, పట్నం అక్కడికి ఇంకా పది కిలోమీటర్ల పైచిలుకు దూరం. రైలు దిగి సామాను నెత్తిన పెట్టుకొని అరసవల్లి సూర్యదేవుడి గుడికి నడిచి వెళ్లవచ్చా అని అడిగినవారిని చూసి నవ్వుకోవడం తేలిక. వారికి కావలసింది మాత్రం మూడే ముక్కలు: ఇది ఆమదాలవలస, బయట బస్సు గానీ ఆటో గానీ ఎక్కి ముందు శ్రీకాకుళం వెళ్లాలి, అక్కడి నుంచి అరసవల్లికి మరో ఆటో ఎక్కాలి. మూడు ముక్కలు దాటితే కొత్తవారికి గుర్తుండదు. దారి అంతకంటే పొడుగైతే సగం వరకే చెప్పి, అక్కడికి చేరాక మరొకరిని అడగమనడం మేలు.

సూర్యమహల్, డే అండ్ నైట్, ఏడు రోడ్లు అన్నవి శ్రీకాకుళం వారికి చిరునామాలు, విజయనగరం వారికి మూడు లాంతర్లు, గంటస్తంభం అన్నవీ అంతే. కొత్తవారు ఆ పేర్లు విని, అక్కడ ఏమి కనబడుతుందో ఊహించలేక తల ఊపుతారు. తల ఊపారంటే అర్థమైందని కాదు, ఇంకొకసారి అడగడానికి మొహమాటపడుతున్నారని. కనుక పేరుతో పాటు ఆ చోట కంటికి కనబడే గుర్తు కూడా చెప్పాలి. పల్లె నుంచి వచ్చిన పెద్దవారికి కుడి ఎడమల కన్నా తూర్పు పడమరలు బాగా తెలుస్తాయి, పట్నం కుర్రవాడికి పొద్దు ఎటు పొడుస్తుందో కూడా తెలియకపోవచ్చు. అడిగిన మనిషిని ఒకసారి చూసి ఏ భాషలో దిక్కులు చెప్పాలో నిర్ణయించుకోవాలి. "దగ్గరే" అన్న మాట పొరపాటున కూడా వాడకూడదు. చేతిలో బిడ్డ, చంకలో సంచి ఉన్న తల్లికి మన దగ్గర దూరమే అవుతుంది, అందుచేత నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పాలి.

తెలియకపోతే తెలియదని చెప్పాలి. మన ప్రాంతంలో ఆ మాట అనడానికి చాలామంది నామోషీ పడతారు, అడిగినవారిని ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని తోచిన దారేదో చూపిస్తారు. ఎండలో రెండు వీధులు తిరిగి వచ్చిన మనిషికి ఆ మర్యాద ఎంత ఖరీదయిందో చూపించిన వారికి ఎప్పటికీ తెలియదు. "నాకు తెలియదు, ఆ మందుల దుకాణంలో అడిగి చూద్దాం రండి" అని నాలుగు అడుగులు వెంట నడవడం దీనికంటే ఎంతో మెరుగు.

బస్సులో, వరుసలో

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, బస్సులు కిక్కిరిసి ఓర్పుకు పని పెరిగింది. డబ్బులు లేకపోయినా గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. ఒక పెద్దావిడ బొడ్డు సంచి విప్పి, అందులోని ప్లాస్టిక్ కవరు తీసి, రబ్బరు బ్యాండు ఊడదీసి, మందుల చీటీలూ పాస్‌బుక్కూ ఒక్కొక్కటిగా పక్కకు పెట్టి ఆధార్ కార్డు వెతుకుతుంది. కండక్టరు నిలబడే ఉంటాడు, వెనక నుంచి ఎవరో "ముందే తీసి పెట్టుకోవద్దా" అంటారు. ఆ మాటతో ఆమె చేతులు వణికి కాగితాలు కింద పడతాయి, పని ఇంకా ఆలస్యమవుతుంది. పక్కన కూర్చున్నవారు చేయగలిగిన పని ఒకటుంది. ఆమె సంచిలో చేయి పెట్టకుండా, కవరును రెండు చేతులతో పట్టుకొని నిలబెట్టి, "మెల్లిగా చూడమ్మా, బస్సు ఎక్కడికీ పోదు" అనాలి. కండక్టరుతోనూ "ముందు ఆ చివరి వారికి కొట్టి రండి, ఈలోగా కార్డు తీసి ఉంచుతాం" అంటే ఆయనా ఊపిరి పీల్చుకుంటాడు.

ఈ సౌకర్యం మన రాష్ట్రం వారికే. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చి పాతపట్నంలో బస్సెక్కిన ఒడిశా మహిళ తన కార్డు చూపిస్తే కండక్టరు టికెట్టు కొట్టక తప్పదు. అప్పుడు ఆమె తరఫున కండక్టరుతో తగువు పెట్టుకోవడం దయ అనిపించుకోదు, అది ఆయన చేతిలో లేని పని. ఛార్జీ ఎంతో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం, చిల్లర తక్కువైతే పది రూపాయలు కలపడం మన చేతిలో ఉన్న పనులు.

వరుసలో ఎవరైనా ముందుకు దూరితే "కళ్లు కనబడవా" అనడం మనకు వాడుక. ఆ మాటకు జవాబు మరో తిట్టే వస్తుంది. అలా దూరిన మనిషితో, "మీ ముందు ఈ తాతగారు ఉన్నారండీ" అని మరొకరి వంతు చూపించి చెబితే, నూటికి తొంభై మంది వెనక్కి జరుగుతారన్నది నా నమ్మకం. మనిషి మీద కాకుండా వంతు మీద మాట్లాడితే వెనక్కి జరిగినవాడి పరువు పోదు. మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి నాడు అర్ధరాత్రి నుంచే అరసవల్లి వరుసల్లో నిలబడేవారిలో ఉపవాసం ఉన్నవారు, షుగరు ఉన్నవారు, ఎత్తుకున్న పిల్లలు నిద్రపోతున్నవారు ఉంటారు. వరుసలో చోటు పోకుండా పక్కవారు పక్కకు వెళ్లి రావడానికి వీలుగా "మీ చోటు నేను చూస్తాను" అని ముందే చెప్పి పెట్టడం ఆ రాత్రికి చేయగల పెద్ద సాయం.

అడిగి చేయడం

ఓర్పు లేని దయ కూడా ఒకటి ఉంది, మనవాళ్లలో ఇదే ఎక్కువ. ఎదుటివారికి ఏమి కావాలో అడగకుండా, మనకు తోచిన మేలు మనమే చేసేస్తాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సీమలో దీని వల్ల ప్రమాదమే జరగవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో ఆ జబ్బు కోసమే 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ అంటే ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. అది ముగించుకొని ఇంటికి వెళ్లే మనిషి బస్సులో కడ్డీ పట్టుకొని తూలుతుంటే, చూసినవారికి జాలి వేసి కొబ్బరి బొండం కొట్టించి తాగమంటారు. కొబ్బరి తోటల సీమలో అంతకంటే మర్యాద ఏముంటుంది? కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, దాన్ని ఆ కిడ్నీలు బయటికి పంపలేవు, ఒంట్లో పెరిగితే గుండెకే ముప్పు. అలాంటివారికి మంచినీళ్లు, మజ్జిగ కూడా రోజుకు ఇంత అని డాక్టరు లెక్క కట్టి చెప్పి ఉంటాడు. వద్దన్నా వినకుండా మొహమాటపెడితే వారు జబ్బు సంగతి నలుగురిలో చెప్పుకోవలసి వస్తుంది, లేదా చెప్పలేక తాగేస్తారు.

అందుచేత ముందు సీటు ఇవ్వాలి, ఆ తర్వాత "ఏమైనా కావాలా అండీ?" అని ఒక్కసారి అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. లేవడానికి సాయపడాలనిపిస్తే, డయాలసిస్ సూదులు గుచ్చే చేయి పట్టుకొని లాగకూడదు. ఆ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టి ఉంటారు, దాని మీద బరువు పడకూడదు. ఏ చేయి పట్టుకోవచ్చో వారే చెబుతారు. చూపు లేనివారి విషయంలోనూ ఇదే పద్ధతి. రోడ్డు దాటిస్తామని వెనక నుంచి వచ్చి రెక్క పట్టుకుంటే ఎవరు పట్టుకున్నారో తెలియక వారు ఉలిక్కిపడతారు. పక్కన నిలబడి, మాట్లాడి, మన మోచేయి అందిస్తే వారే పట్టుకొని ఒక అడుగు వెనకగా నడుస్తారు.

మాట కలవనప్పుడు

ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా ఇళ్లలో మాట్లాడే భాష, పైడిభీమవరం పరిశ్రమల చుట్టుపక్కల ఉత్తరాది కూలీలు ఎందరో ఉంటారు. తెలుగు రాని మనిషితో మాట్లాడేటప్పుడు మనం చేసే మొదటి పని గొంతు పెంచడం. వారికి చెవుడు లేదు. నిదానంగా, చిన్న మాటల్లో, వేలితో చూపిస్తూ చెప్పాలి. డబ్బు లెక్క అయితే ఫోనులో అంకెలు కొట్టి చూపిస్తే తగువు ఉండదు. బేరం ముగిశాక పక్కవారితో తెలుగులో వారి గురించి నవ్వుతూ మాట్లాడుకోవడం మానుకోవాలి, మాట అర్థం కాకపోయినా నవ్వు ఎవరి గురించో ఎవరికైనా తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండల నుంచి సవర, జాతాపు గిరిజనులు చింతపండు, పసుపు, అనాస, కొండచీపుర్లు సంతకు తెస్తారు. ధర అడగకముందే కావిడి మీద చేయి వేసి దింపించుకోవడం, లెక్క తేల్చుకునేలోపు డబ్బులు చేతిలో కుక్కి కదిలిపోవడం అక్కడ పాత జబ్బు. కొనేవారు కాస్త ఆగి, నోట్లు ఒక్కొక్కటిగా చేతిలో పెట్టి, వారు మళ్లీ లెక్కపెట్టుకొని తల ఊపేదాకా అక్కడే నిలబడితే చాలు. ఇక బయటి జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవారికి ఒక మనవి: ఇక్కడి పల్లెల్లో పెద్దవారు ఎంత పెద్ద అధికారినైనా "నువ్వు" అనే పలకరిస్తారు, చివర "బాబూ" అని చేరుస్తారు. అందులో తక్కువ చేయడం లేదు. అదే చనువు మనం తిరిగి ఇవ్వకూడదు. టీ అందించే కుర్రవాడినీ ఆటో నడిపే మనిషినీ కూడా "మీరు" అనడం ఉద్యోగస్థుడికి పోయేదేమీ లేని అలవాటు.

ఆపదలో ఉన్నప్పుడు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం చూసి కూడా బండి ఆపనివారిలో చాలామంది రాతి గుండె వారు కారు, పోలీసు స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుందని భయపడేవారు. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నాయి. మంచి మనసుతో చేసిన సాయంలో ఏదైనా పొరపాటు జరిగినా కేసు పెట్టరు, పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రిలో చేర్చినవారిని డబ్బు కట్టమని నిలబెట్టకూడదు. 108కి ఫోన్ చేసినప్పుడు దగ్గరి ఊరి పేరు, కిలోమీటరు రాయి మీది అంకె, బండ్లు ఎటు వెళ్లే వైపో చెబితే అంబులెన్సు తిరగకుండా వస్తుంది. గాయపడిన మనిషిని కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోయడం మనకు తరతరాల అలవాటు. స్పృహ సరిగా లేనివారికి ఆ నీరు ఊపిరి గొట్టంలోకి పోతుంది, ఆసుపత్రిలో మత్తు ఇవ్వాల్సి వచ్చినా ఇబ్బందే. నీళ్లు పోయకుండా, అనవసరంగా కదపకుండా, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకొని మాట్లాడిస్తూ ఉండాలి.

మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచడం వల్ల ప్రయోజనం లేదు. పళ్ల మధ్య ఏదైనా దూర్చితే పళ్లు విరుగుతాయి. పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, చుట్టూ మూగిన వారిని జరగమని, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108. తెలివి వచ్చాక ఆ మనిషికి మొదట కలిగేది సిగ్గు. అప్పుడు మూగిన జనం చేసే ప్రశ్నల వర్షాన్ని ఆపడం కూడా సాయంలో భాగమే.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి వచ్చే జనంలో పిల్లలు తప్పిపోవడం ఏటా ఉన్నదే. ఏడుస్తున్న బిడ్డ కనబడితే ఎత్తుకొని తల్లి కోసం తిరగకూడదు, తల్లి వెతుకుతూ అదే చోటికి వస్తుంది. అక్కడే నిలబడి, పక్కనున్న ఒక కుటుంబాన్ని తోడు ఉంచుకొని, పోలీసులకు కబురు పంపాలి. 1098కీ ఫోన్ చేయవచ్చు.

హద్దులు

ఓర్పు అంటే అన్నిటికీ తల వంచడం కాదు. బస్సులో ఆడపిల్లను ఇబ్బంది పెడుతున్నవాడిని సహించడం ఆ పిల్లకు చేసే అన్యాయం. కండక్టరుతో బండి ఆపించి 112కు ఫోన్ చేయాలి. సందులో రెండు బండ్లు రాసుకుంటే మాత్రం తప్పెవరిదో తేల్చుకునే ముందు "దెబ్బ తగిలిందా?" అని అడిగినవారితో పోట్లాడటం ఎవరికైనా కష్టమే.

ఆకలి అని చేయి చాపినవారికి చిల్లర వేయడం కంటే, దగ్గరలో అన్న క్యాంటీను ఉంటే వెంట తీసుకువెళ్లి 5 రూపాయల భోజనం పెట్టించడం నాకు నచ్చిన పద్ధతి. రానంటే బలవంతం చేయనక్కరలేదు. బ్యాంకులో చదువురానివారికి ఫారం నింపి పెట్టేటప్పుడు, వేలిముద్ర వేసే ముందు రాసిన మొత్తాన్ని వారికి వినబడేలా చదివి చెప్పాలి. ఏటీఎం దగ్గర ఎవరైనా కార్డు అందించి పిన్ చెప్పబోతే చెవులు మూసుకొని లోపలి సిబ్బంది దగ్గరకు పంపాలి, రేపు ఆ ఖాతాలో ఏమి తేడా వచ్చినా నింద సాయం చేసినవారి మీదికే వస్తుంది. సాయం చేస్తూ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకోవడం గురించి చెప్పడానికే రోతగా ఉంది. ఆ మనిషి బంధువులు ఆ ఫొటో చూస్తారన్న ఆలోచన ఒక్కటి చాలు మానుకోవడానికి.

ఒక్క ఫోన్ చేసుకుంటానని ఎవరైనా అడిగితే, నంబరు చెప్పించుకొని మనమే కలిపి, స్పీకరు పెట్టి ఇవ్వడం ఇద్దరికీ క్షేమం. మాట్లాడిన తర్వాత పని అయిపోయిందనుకోకూడదు. రాత్రికి అదే నంబరు నుంచి "ఇందాక మా నాన్న ఈ ఫోన్‌లో మాట్లాడాడు, ఇంకా ఇంటికి రాలేదు" అని ఎవరో కంగారుగా అడగవచ్చు. ఆయన ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ ఊరి బస్సు ఎక్కాడో చెప్పగలిగేలా ఫోన్ ఇచ్చినప్పుడే చూసి పెట్టుకోవాలి.